మోకాలిదాకా వచ్చిన పచ్చ చుక్కలు

ఎర్మెలిందా వేళ్లు అప్పటికే వంకరపోయాయి. ఒంటికి కాపలా ఉండాల్సిన కణాలే కీళ్ల మీద పడ్డాయి మరి. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం? అయినా మోంతెవిదేవోలోని ఆ పరిశోధనశాలలో ఎలుకల అవయవాలను పల్చటి పొరలుగా కోసే పని ఆమెదే. కోత యంత్రం ఉండే మంచుపెట్టెలో చెయ్యి పెట్టే ముందు వరండాలో కూర్చుని, మాతే అనే వేడి ఆకు టీ పోసిన సొరబుర్రను రెండు చేతులతో పట్టుకుని వేళ్లు కాచుకునేది. ఒకే బుర్ర అందరి చేతులూ తిరిగి వచ్చేది. ఆ వరండా తలచుకుంటే ఇప్పటికీ ఆమెకు ప్రాణం లేచొస్తుంది.

ఆ పరిశోధన నడిపే డాక్టర్ మిర్తా వెతుకుతున్నవి మరో రకం కణాలు, సర్దిచెప్పేవి. రొమ్ముటెముక వెనక తయారై, రక్తంలో ఒళ్లంతా తిరిగి, వాపున్న చోటికి చేరి మిగతావాటిని చల్లబరుస్తాయని ఆమె నమ్మకం. వాటికి పచ్చగా వెలిగే రంగు పట్టించి, మోకాలు వాచిన ఎలుకకు ఎక్కించింది. అవి కీలుదాకా వెళ్లాయో, దారిలో ఏ గ్రంథిలోనో కూలబడ్డాయో కోస్తేగాని తెలియదు.

"అక్కా, నీ చేతులు చూస్తే భయమేస్తోంది. ఇంకెవరితోనైనా కోయించనా?" అంది మిర్తా.

"కోయించు. ఆ ముక్కలు ఏరుకుని సూప్ కాచుకో," అంది ఎర్మెలిందా. "ముందు బుర్రలో ఇంకాస్త వేణ్ణీళ్లు పొయ్యి."

పైకి వెటకారమే గాని లోపల ఒకటే గుబులు. ఈ ఎలుక మోకాలు పాడైతే మరొకటి లేదు. పైగా ఆ కణాలు కీలుదాకా వెళ్తాయా అన్నది మిర్తా కన్నా ఆమెకే ఎక్కువ కావాలి.

మొదటి పొర పొడైపోయింది. తర్వాతదీ అంతే. పళ్ల బిగువున యంత్రం చక్రం తిప్పింది. చివరికొకటి ఉల్లిపొరలా నిలిచింది.

చీకటిగదిలో మిర్తా సూక్ష్మదర్శినిలో ముందు ఎర్మెలిందానే చూడమంది. వాచిన కీలు అంచున పచ్చటి చుక్కలు గుంపుకట్టి ఉన్నాయి.

"వచ్చాయే," అంది ఎర్మెలిందా కళ్లు తుడుచుకుంటూ. "ఎలుక దగ్గరికైతే వచ్చాయి. నా దగ్గరికి రావడానికే వీటికి బద్ధకం."

వరండాలో మిర్తా బుర్ర నింపి ఇచ్చింది. తాగి, మనసు నిండిపోయి, "థాంక్సే మిర్తా," అనేసింది ఎర్మెలిందా. మాతే తాగేచోట థాంక్స్ అంటే నాకిక చాలు అని అర్థం, అది పసిపిల్లలకీ తెలుసు. తర్వాతి వంతు ఆమెను దాటిపోయింది. ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంటే వేళ్లు ఇక విచ్చుకోవడం లేదు. ఆమె కోసిన ఆఖరి పొర అదే.

ఇప్పుడు ఆదివారాలు మిర్తాయే ఎర్మెలిందా ఇంటికి వచ్చి మాతే పోస్తుంది.

"చాలా అక్కా?"

ఎర్మెలిందా బుర్ర మళ్లీ చాపుతుంది. "ఆ మాట ఇంక నా నోట రాదు. నువ్వు పోస్తూ ఉండు."