అరవై, ఎనభై కలిస్తే వంద

చాముండేశ్వరి గారు రోజూ ఏలూరు నుంచి పాసింజరు బండిలో తాడేపల్లిగూడెం వచ్చి, మా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పేవారు. అదే ల్యాబులో నేనూ లెక్చరర్ని. నాకు నోటి దురుసెక్కువ. ఆవిడ మాత్రం ఎంత మొద్దు పిల్లాడినైనా 'నాయనా' అనే పిలిచేవారు.

ఏసీ కరెంటు పాఠాన్ని ఆవిడ ఎప్పుడూ ఒక ప్రశ్నతోనే మొదలుపెట్టేవారు. ఒక రెసిస్టరు, ఒక కాయిల్ వరసగా కలిపి, మొదటిదాని మీద అరవై వోల్టులు, రెండోదాని మీద ఎనభై వోల్టులు ఉన్నట్టు మీటర్లలో చూపించి, మొత్తం ఎంతని అడిగేవారు. క్లాసంతా నూట నలభై అని అరిచేది. రెండింటికీ కలిపి పెట్టిన మూడో మీటరు చూస్తే వంద!

"చేపల చెరువు గట్టెమ్మట అరవై అడుగులు నడిచి, మూల తిరిగి ఎనభై నడవండి. బయల్దేరిన చోటికి పడవలో అడ్డంగా వచ్చేస్తే వందే కదా. కాయిల్ వోల్టేజీ కూడా అలాగే మూల తిరిగి ఉంటుంది. ఆ మలుపుకి మనం పెట్టుకున్న గుర్తే j. సంకీర్ణ సంఖ్యలంటే ఇంతే నాయనా," అనేవారు. కొల్లేరు పిల్లలకి అది ఇట్టే ఎక్కేది.

నిరుడు ఆవిడకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ స్వాధీనంలోకి వచ్చాయి, మాటా వచ్చింది. మళ్ళీ పాఠం చెప్పగలనా అన్న బెంగ మాత్రం పోలేదు.

"పాఠం తప్ప నాకింకో లోకం లేదండీ, పాండురంగారావు గారూ," అనేవారు.

తిరిగొచ్చిన రోజు అదే పాఠం. పిల్లలు ఎప్పట్లాగే నూట నలభై అన్నారు. ఆవిడ తలూపి, బోర్డు మీద నూట నలభై అనే రాశారు. నేను వెనక బెంచీలోనే ఉన్నాను.

శ్రావ్య అనే అమ్మాయి లేచి, "మేడమ్, మూడో మీటర్లో వంద ఉందండీ," అంది.

ఆవిడ మీటరు వైపు చూస్తూ నిలబడిపోయారు. ఎందుకు వందో ఆవిడకు తట్టలేదు. నేను లేచి చెరువు గట్టు సంగతి చెప్పి పాఠం ముగించాను. ఆవిడ ముందు బెంచీలో కూర్చుని విన్నారు.

సాయంత్రం ల్యాబు తాళాలు నా చేతిలో పెట్టారు. నాకు ఒళ్ళు మండింది.

"ఒక్కసారి తడబడినందుకేనా? రేపు చెబుతారు లెండి!" అన్నాను.

"బోర్డు మీది తప్పయితే చెరిపేస్తామండీ. కరెంటు ఆన్‌లో ఉండగా తప్పు చెబితే, ఆ పిల్లల అమ్మలకి ఏం చెప్పుకోనండీ?"

తాళాలు జేబులో వేసుకున్నాను. స్టేషను దాకా వెంట నడిచాను. బండి కనబడ్డాక ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు.

"ఆ శ్రావ్యని జాగ్రత్తగా చూసుకోండి. నేను చెప్పానని నమ్మెయ్యలేదు, మీటరు చూసింది," అన్నారు.