ప్రింటరు మింగిన పేరు

ఆ రోజుల్లో మిషన్లకు భయభక్తులుండేవి. ఏ అంకె చెబితే ఆ పని చేసేవి. ఎనభైల చివర్లో మదనపల్లెలోని మా బావ బట్టల అంగడికి కంప్యూటరూ, బిల్లులు కొట్టే చిన్న ప్రింటరూ వచ్చాయి. అయిదో తరగతితో బడి మానిన నన్ను వాటి ముందు కూర్చోబెట్టారు (మరదలు జీతం అడగదు కదా). ఇరవై ఏడు అనే అంకె పంపితే ప్రింటరు చెవి నిక్కిస్తుందనీ, ఆ వెనక వెళ్లే అంకెలే దానికి ఆజ్ఞలనీ అమర్చడానికొచ్చిన బెంగుళూరు అబ్బాయి చెప్పాడు. ప్రతి బిల్లు చివరా ఎనిమిది వరసల ఖాళీ కాగితం పైకి నెట్టమని ఆజ్ఞ రాసిపెట్టాడు. ఉత్త తెల్ల కాగితం! అంత దుబారా చూస్తూ ఊరుకోలేకపోయాను. అతను బస్సెక్కగానే ఎనిమిదిని రెండు చేశాను.

తీరా చూస్తే, అచ్చు పడేది లోపల, కాగితం చింపేది పైన. ఆ మేరకు నెట్టకపోతే బిల్లు ఆఖరి వరస లోపలే చిక్కుకుని, తర్వాతి బిల్లు నెత్తిన బయటికొస్తుంది. మా బిల్లుల్లో ఆఖరి వరస కొన్నవాళ్ల పేరు, ఊరు. అది చూసే మూటలను బస్సుల్లో వేసేవాళ్లం.

సాయంత్రం పుంగనూరు నుంచి పెండ్లికూతురి నాయన ఫోను చేశాడు. "ఏమప్పా, పీటల మీదికి పట్టుచీర అడిగితే బనియన్లు పంపినావే! మా పాప తొడుక్కోవల్నా?" తెల్లారితే ముహూర్తం. ఆ బనియన్లు కుప్పం హాస్టలువి. చీర మూట మాత్రం అంతకు ముందు బిల్లులోని సోమల రైతు పేరుతో వెళ్లిపోయింది. ఆయన కొన్నది తన కోసం ఒక కంబళి.

"చీర తేకుంటే అంగడి తట్టు రావద్దు" అన్నాడు బావ. వేరే కంబళి చంకన పెట్టుకుని సోమల వెళ్లాను. రైతు నన్ను గడపలోనే ఆపి గుసగుసలాడాడు: "మెల్లగా మాట్లాడు తల్లీ! మా ఇంటామె చీర కట్టేసుకునింది. నేనే ఏరి తెచ్చినానని చెప్పినా. పెండ్లయినాక మొదటిసారి నాకు నెయ్యి పోసి అన్నం పెట్టింది. దుడ్డిస్తా, చీర మాత్రం అడగబాకు."

లోపల్నించి కేక: "ఎవురయ్యా ఆడ?"

"కంబళి అమ్మేవాళ్లులే!"

ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఆ చీరకు జతగా నేసిన రెండోది బావ మా అక్కకు ఇచ్చి ఉన్నాడు. అక్క పెట్టెలోంచి దాన్ని తీసి పుంగనూరు పంపేసరికి, ఒకే రోజు ఒక మొగుడు తెలియక చీర పెట్టినట్టూ, ఇంకో మొగుడు తెలిసి లాక్కున్నట్టూ అయింది. (అక్క ఇంట్లో ఆ వారం నెయ్యి కాదు, ఉప్పు కూడా సరిగ్గా పడలేదు.)

కొన్నాళ్లకు ఆ సోమల ఆమె అదే చీర కట్టుకుని అంగడికొచ్చింది. "మా ఆయనకు ఈ చీర ఏరిచ్చింది ఎవురమ్మా? ఆ మనిషికి ఎరుపేదో పసుపేదో తెలీదు."

"మిషనమ్మా" అన్నాను.

ఆమె నన్నూ ప్రింటరునూ మార్చి మార్చి చూసింది. "అట్లయితే దాన్ని బాగు చేపీబాకండి."

అప్పటికే బాగు చేయించారు. నవ్వొచ్చినా పెదవి బిగబట్టి బిల్లు కొట్టాను; ఆ వయసులో నాకు నవ్వు కూడా దుబారాగానే తోచేది. అప్పుడు దాచుకున్నదంతా ఇప్పుడు ఒక్కదాన్నే కూర్చుని ఖర్చు పెడుతున్నాను.