నస్రీన్ జేన

పద్దెనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. చిన్న అబద్ధమే. చెప్పడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. ఇంట్లోవాళ్లకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను.

హనుమకొండలో పిల్లలకు పియానో నేర్పుతాను. పనిలో నేను గట్టిదాన్నే, వినయం నటించను. వాద్యబృందం వెనక తోడుగా ఉంటే పియానో ముందుండి నడిపే పెద్ద రచనను కన్చెర్టో అంటారు. ఏ పిల్లకు ఏ కన్చెర్టో లొంగుతుందో వేళ్లు చూసి చెప్పేస్తాను. మేడమ్ చెప్తే తప్పదంటారు తల్లిదండ్రులు. నిజమే, తప్పదు. ఆ రోజు కూడా నా అంచనా తప్పలేదు. నా బాధంతా అదే.

అప్పట్లో నేను, నస్రీన్ కాజీపేటలో ఒకే టీచరమ్మ దగ్గర నేర్చుకునేవాళ్లం. నస్రీన్ నాకంటే మూడేళ్లు చిన్న. వాళ్ల నాన్న నెక్కొండలో దర్జీ. వారానికి రెండుసార్లు పుష్‌పుల్ రైలుబండిలో వచ్చేది. ఒకసారి హైదరాబాద్ వాద్యబృందం ఒకటి మా ఇద్దరిలో ఒకరికి తోడుగా వాయిస్తామంది. ఆర్నెల్లలో చెరొక కన్చెర్టో నేర్చుకోవాలి, టీచరమ్మ విని ఒకరిని పంపుతుంది. ఏది నేర్చుకోవాలో మాత్రం మేమే తేల్చుకోవాలి, అది ఆమె పద్ధతి. నస్రీన్‌కు ఇది మామూలు పోటీ కాదు. స్టేజీ ఎక్కితేనే నేర్చుకోవడం, లేకుంటే బంద్ అని వాళ్ల నాన్న కరాఖండిగా చెప్పేశాడు.

నా దగ్గర రెండు కన్చెర్టోల జిరాక్సులు ఉండేవి, ఒకటి మహా వేగంగా ఉరికేది, ఇంకొకటి చిన్నది. ఆ చిన్నదానికి మూడు భాగాలు, తేట రాగం, ఎక్కడా పియానో మీద ఎనిమిది మెట్లు దాటి చెయ్యి చాపే పని లేదు. నస్రీన్ బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చాస్తే సరిగ్గా ఎనిమిది మెట్లు. ఆమె కోసమే రాసినట్టుంది. అది ఆమె వాయిస్తే ఇక నన్నెవరు పంపుతారు?

స్వరాలు చదవడం ఆమెకు ఇంకా నెమ్మది. అందుకే నన్ను అడిగింది.

"అక్కా, నువ్వే చెప్పు జర. నా చేతికి ఏది అల్కగైతది? ఆ చిన్నది మంచిగుంది గద."

"అది నీతోని కాదు నస్రీన్. అండ్ల పది మెట్లు ఒక్కపారి పట్టాలె. నీ జేన ఎనిమిదికే ఆగుతది."

"గట్లనా! వింటాంటె అల్కగనె అనిపిస్తాంది."

"విన్నంత సులువు గాదు. నువ్వు ఆ స్పీడ్‌ది తీస్కో. అండ్ల ఉరుకుడే గని సాగదీసుడు లేదు."

ఆమె తన అరచేతిని తిప్పి చూసుకుంది. దర్జీ కూతురు, బట్టను జేనలతో కొలిచి పెరిగిన పిల్ల. కొలత మాట చెబితే ఎదురు అడగదు. అది నాకు తెలుసు. తెలిసే కొలత మాటే ఎంచుకున్నానా? అవును. వేరే ఏ సాకు చెప్పినా ఒకసారి వాయించి చూస్తాననేది.

నేను ఇచ్చిన ఆ స్పీడ్‌ది చెయ్యి తిరిగిన వాద్యకారులకే చెమట పట్టించే రచన. నాలుగు నెలలకు ఆమె మణికట్టు వాచింది. టీచరమ్మ ముందు సగంలో ఆగిపోయి, "సారీ టీచర్" అని లేచింది. నేను ఆ చిన్న కన్చెర్టోనే వాయించాను. టీచరమ్మ నన్నే పంపింది, హైదరాబాద్ స్టేజీ మీద చప్పట్లు మోగాయి. బాగా వాయించాను, అది మాత్రం అబద్ధం కాదు. ఆ తర్వాత పుష్‌పుల్ బండిలో నస్రీన్ రాలేదు.

పోయిన నెల వరంగల్ చౌరస్తాలో గాజుల దుకాణంలో కలిసింది. ఎంత సంతోషపడిందో! దుకాణదారు ఆమె చెయ్యి చూసి రెండు ఆరు సైజు తీశాడు. "వద్దు భయ్యా, రెండు నాలుగియ్యి. నాయి చిన్న చేతులు. పియానోకు సుత సాలకపాయె, ఈ అక్కే చెప్పింది" అని నా భుజం తట్టి నవ్వింది. రెండు నాలుగు సైజు గాజులు కణుపుల దగ్గరే ఆగిపోయాయి. లావయ్యానేమో అనుకుంటూ మళ్లీ నొక్కుకుంది, చర్మం ఎర్రబడింది. చివరికి రెండు ఆరే పట్టాయి.

ఆమె పక్కనే నిలబడ్డాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఇరవైమంది పిల్లల ముందు గొంతు తడబడని నేను, గాజుల రంగు బాగుందన్నాను. సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తోంది.

నస్రీన్ ఇది చదవదు. చదివినా క్షమించాలని అడగను, ఆ హక్కు నాకు లేదు. రాస్తుంటే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, అంతే. నస్రీన్ చెయ్యి చిన్నది కాదు. ఆ కన్చెర్టోలో పది మెట్లు ఎక్కడా లేవు. లేవని నాకు ఆ రోజే తెలుసు.