రెండు పక్కలూ ఒకేలా లేని ముఖం

సహోదరీ సహోదరులారా, ముందే ఒక మాట చెప్పుకుంటాను. ఇది చదువుతుంటే మీకు నవ్వొస్తే ఆపుకోకండి, దేవుడు చేసిన మేలు చెప్పే సాక్ష్యం కదా అని మొహం బిగించి కూర్చోనక్కర్లేదు, ఎందుకంటే దేవుడు నాకు తిరిగిచ్చింది నవ్వునే! అది నా దగ్గర్నుంచి పోయిన రోజులున్నాయి, అక్కడినుంచే మొదలుపెడతాను.

నా పేరు రోజమ్మ. ఉండేది బోరబండ, పని అమీర్‌పేటలో, మగ్గం పని. పెళ్లికూతుళ్ల జాకెట్ల మీద జరీతో, పూసలతో నెమళ్లనూ ఏనుగులనూ కుట్టేది మాలాంటివాళ్లమే. ఏడో తరగతిలో బడి మానేశాను, కాదు, బడే నన్ను మానేసిందంటాడు మా ఆయన జోజి. చదువు తక్కువైనా నోరు మాత్రం దేవుడు ధారాళంగా ఇచ్చాడు, కార్ఖానాలో మగ్గాల చుట్టూ కూర్చున్నప్పుడు నేను ఒక ముచ్చట మొదలుపెడితే సూదులన్నీ ఆగిపోయేవి, మా ఓనరమ్మ వనజగారు లోపలినుంచి వచ్చి "ఏంటి రోజమ్మా, పని చేయిస్తున్నావా, పండగ చేయిస్తున్నావా?" అని కోప్పడి, ఆ కోపం పూర్తికాకముందే తనూ నవ్వేసేది.

అలాంటి నేను ఒక పొద్దున పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్లు నోట్లో నిలవలేదు, ఎడమ పక్కనుంచి కారిపోతున్నాయి. అద్దంలో చూస్తే ఏముంది! మూతి కుడివైపుకి గుంజుకుపోయింది, ఎడమ కన్ను మూసుకోవడం లేదు, ఎడమ చెంప ఆరేసిన గుడ్డలాగా వేలాడుతోంది. భయపడిపోయి జోజిని లేపితే ఆయన ఒక కన్ను తెరిచి చూసి, "పొద్దుగాల్నే గీ ఎక్కిరింపులేందే, చాయ్ పెట్టు" అని అటు తిరిగి పడుకున్నాడు. చూశారా సహోదరులారా, జీవితమంతా వంకర మొహాలు పెట్టి జనాన్ని నవ్వించినదాని గతి ఇదే, నిజంగా మొహం వంకరపోయిన రోజున కట్టుకున్నవాడు కూడా నమ్మడు!

పంజాగుట్టలో డాక్టరుగారు చూసి, అదృష్టం, మెదడుకేమీ కాలేదు, ముఖంలో నరం దెబ్బతింది, మందులు వాడుతూ వ్యాయామం చేస్తే నెమ్మదిగా తిరిగొస్తుంది, కొందరికి పూర్తిగా రాకపోవచ్చు అన్నారు. ఆయన చెప్పిన మంచి మాటలన్నీ మెట్రో మెట్లు దిగేలోపు మర్చిపోయాను, ఆ చివరి ముక్క ఒక్కటి మాత్రం ఇంటిదాకా వెంట వచ్చింది. బస్తీలో అందరూ డాక్టర్లే కదా, పక్కింటి ఎల్లమ్మత్త ఒక పావురాన్ని సంచిలో పెట్టుకొచ్చి, "దీని నెత్తురు రాస్తే తెల్లారేసరికి మూతి సక్కగైతది బిడ్డా" అంది. నేను పావురాన్ని చూశాను, పావురం నన్ను చూసింది, ఇద్దరిలో ఎవరికి ఎక్కువ దిగులో చెప్పడం కష్టం. జోజి దండం పెట్టి, "వద్దత్తా, పరిశుద్ధాత్మ దిగొచ్చింది గీ రూపంలనే, గాయన మీద చెయ్యేస్తమా?" అని దాన్ని వదిలేశాడు.

అది నేను నవ్వవలసిన చోటు. నవ్వలేదు. నవ్వితే సగం మొహమే కదులుతుంది, మిగతా సగం ఎవరిదో అన్నట్టు చూస్తూ ఉంటుంది. ఊరందరికీ కరోనా మాస్కు పోయినా నాకు పోలేదు, దాని మీద కొంగు కూడా కప్పుకునేదాన్ని. కొలతలిచ్చేటప్పుడు ఒకసారి అది జారితే ఒక పెళ్లికూతురు నన్ను చూసి గబుక్కున చూపు తిప్పుకుంది, పాపం ఆ పిల్ల తప్పేమీ లేదు, కానీ ఆ రోజునుంచి నేను నోరు మూసేశాను. మూసేశానంటే మాట వరసకే, మూతపడితే కదా!

ఇంకో బాధ చెప్తాను. పెదవులు కలిస్తేనే పలికే అక్షరాలు ఉంటాయి కదా, ప, బ, మ, అవేవీ నాకు రావు. ప్రార్థనకు కూర్చుంటే ప్రభువా అనలేను, మరియమ్మ తల్లీ అనలేను. వెతగ్గా వెతగ్గా పెదవులు కలపకుండా పిలవగలిగే పేర్లు దొరికాయి, "తండ్రీ", "యేసయ్యా". వాటితోనే ఏడ్చాను: "తండ్రీ, చేతులుంచినవ్, కాళ్లుంచినవ్, నాకున్న ఆస్తి గీ నోరొక్కటే, దాన్నెందుకు తీసుకుంటివి యేసయ్యా? ఇగ నేనెవ్వర్ని?"

జవాబు రాలేదనుకున్నాను. జవాబు వనజగారి ద్వారా వచ్చింది, అదీ నాకు తిట్టులాగే వినిపించింది. అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య ఒక సందు చివర పునీత బెనెడిక్టు సభ మఠకన్యల మఠం ఉంది, అక్కడి సిస్టర్లు పూజా వస్త్రాలు కుడతారు. మరియమాత పండుగకు తల్లి రూపంతో ఒక పెద్ద పట్టు పతాకం చేయాలనీ, మగ్గం పని తెలిసిన మనిషి కావాలనీ అడిగారట. "నువ్వెళ్లమ్మా రోజమ్మా, పని అయ్యేదాకా అక్కడే ఉండొచ్చు, మాట్లాడే పనే ఉండదు, నీకు హాయిగా ఉంటుంది" అంది వనజగారు. నన్ను దాచిపెట్టడానికి పంపుతోందని ఏడ్చుకుంటూ వెళ్లాను. అన్నలు యోసేపును గోతిలో పడేసినప్పుడు, అదే రాజభవనానికి దారి అని ఆయనకూ తెలియలేదు కదా!

మఠం అంటే ఏదో కొండమీద ఉంటుందనుకునేరు. గోడకు అవతల కంప్యూటర్ కోచింగ్ సెంటరు, ఇవతల దోశల బండి, పైన మెట్రో రొద, మధ్యలో ఆ ఇల్లు. లోపల గంట చెప్పినట్టు రోజు నడుస్తుంది, రోజులో ఎన్నోసార్లు గుడిలో చేరి కీర్తనలు పాడతారు, మధ్యలో పని, పూజలో పంచే అప్పాలు కాల్చేవాళ్లు కాలుస్తారు, కొవ్వొత్తులు పోసేవాళ్లు పోస్తారు, ఆకుకూరల మడి తవ్వేవాళ్లు తవ్వుతారు. గంట కొడితే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేయాలి, సూది గుడ్డలో సగం దిగి ఉన్నా సరే! మా కార్ఖానాలో అలా లేస్తే వనజగారు గుమ్మం దగ్గరే పట్టుకునేది. పని చేసేటప్పుడు, భోజనం దగ్గరా మౌనం. మౌనం సగటు మనిషికి కష్టమట, నాకు మాత్రం మొట్టమొదటిసారి నా మూతి గురించి ఎవరూ ఏమీ అడగని చోటు అదే.

మొదటి తెల్లవారుజామున గుడిలో వెనక కూర్చున్నాను. సిస్టర్లంతా లేచి, బొటనవేలితో పెదవుల మీద సిలువ గుర్తు వేసుకుని, మా పెదవులు తెరవమని దేవుణ్ణి అడుగుతూ పాడారు. నా గుండె ఝల్లుమంది! ఎవరో చెప్పేశారు, జోజే చెప్పి ఉంటాడు, ఈ తల్లులంతా నా మూతి కోసం నిద్రలేచి మొర పెడుతున్నారు! కన్నీళ్లు ఆగలేదు. బయటికి వచ్చాక పెద్ద సిస్టరు స్కొలాస్తికమ్మ గారి చేతులు పట్టుకుని కృతజ్ఞతలు చెప్పబోయాను. ఆమె మఠంలో పరిశుద్ధ చిత్రాలు వేసే తల్లి, గుంటూరు వైపు మనిషి, సోడాబుడ్డి కళ్లద్దాలు. ఆమె ఫక్కున నవ్వి, "నీ కోసం కాదమ్మా, అది మా రోజులో మొదటి ప్రార్థన, ఎన్నో వందల ఏళ్లుగా ఇదే అడుగుతున్నాం. మూతి చక్కగా ఉన్నవాళ్ల పెదవులు కూడా ఆయన తెరిస్తేనే తెరుచుకుంటాయి" అంది. అవమానంతో చచ్చిపోవలసింది, కానీ ఎందుకో తేలికపడ్డాను. ఆ వరసలో అందరితోపాటు నేనూ ఒకదాన్ని, అంతే కదా!

డాక్టరుగారు బుడగలు ఊదమన్నారని చెప్తే, సాయంత్రం ప్రార్థన అయ్యాక కొవ్వొత్తులు ఆర్పే పని నాకిచ్చారు. మాస్కు కాస్త కిందికి దించి నేను ఊదితే ఎదురుగా ఉన్న వత్తి చెక్కు చెదరదు, పక్కన నిలబడ్డ సిస్టరు ముసుగు ఎగిరేది.

ఇక పతాకం. స్కొలాస్తికమ్మ గారు ప్రార్థన చేసుకుని తల్లి రూపం కాగితం మీద గీసిచ్చింది, అంచుల్లో మల్లెలు, చేతిలో బాలయేసు. అన్నీ అవలీలగా కుట్టాను. ముఖం దగ్గర ఆగిపోయాను, నెమలి ముఖం కుట్టాను, ఏనుగు ముఖం కుట్టాను, మనిషి ముఖం ఎన్నడూ కుట్టలేదు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. జాకెట్టు రెండు చేతులకూ డిజైన్ సరిపోవాలి కాబట్టి, ట్రేసింగు కాగితం మీద బొమ్మను పిన్నుతో పొడిచి, ఒక చేతి మీద రంగు అద్ది, అదే కాగితాన్ని తిరగేసి రెండో చేతి మీద అద్దుతాం, వెంట్రుకవాసి తేడా రాదు. నేను అదే చేశాను! ఆమె గీసిన ముఖంలో ఒక సగమే తీసుకుని, కాగితం తిరగేసి రెండో సగం చేశాను. తల్లి ముఖమైనా రెండు పక్కలూ చక్కగా ఉండాలని నా ఆశ. ఎందుకంత ఆశో మీకు వేరే చెప్పాలా?

కుట్టడం పూర్తయింది. స్కొలాస్తికమ్మ గారు స్టూలు లాక్కుని కూర్చుని చాలాసేపు చూసింది.

"జరీ పని బంగారంలా ఉందమ్మా. కానీ ఈవిడ మనవైపు చూడడం లేదేంటి?"

నేనూ చూశాను. నిజమే. చీరల షోరూం అద్దాల వెనక నిలబెట్టిన బొమ్మ!

"కాగితం తిరగేశావు కదూ?" అంది. తలూపాను. ఆమె గదిలో ఉన్న ఇద్దరు సిస్టర్లనూ పిలిచి నా ముందు నిలబెట్టింది. "చూడు. ఈమెకి ఒక కనుబొమ్మ పైకి, ఒకటి కిందికి. ఆమె నవ్వితే ఒక్క చెంపకే సొట్ట. నా ముక్కు వంకర సంగతి నీకు తెలిసిందే. మనుషుల ముఖాలు చేసేటప్పుడు దేవుడు కాగితం తిరగేయడు రోజమ్మా, రెండు పక్కలూ విడివిడిగా చేత్తోనే వేస్తాడు. ఇప్పుడా మాస్కు తియ్యి."

తీయలేదు. ఆమె తొందరపెట్టనూ లేదు, అలాగే కూర్చుంది. చివరికి తీశాను. నా మూతిని ఆమె ఎలా చూసిందంటే, సహోదరులారా, దాని మీద జాలి లేదు, వింతా లేదు, మంచి పట్టు దొరికితే మేము ఎలా చూస్తామో అలా చూసింది! "నీ ఎడమ పక్కన ఎంత నెమ్మది ఉందో చూశావా? కొడుకును సిలువ మీద చూసిన తల్లిది ఆ పక్క. కుడి పక్క ఆయన సమాధిలోనుంచి లేచాడని విన్న తల్లిది. అద్దం తెచ్చుకుని కుట్టు" అంది.

ముఖమంతా విప్పాను. కుట్టిన చేతులతో విప్పడం ఎంత బాధో మా పనివాళ్లకే తెలుసు. సగం కొత్తగా కుట్టానో లేదో గంట కొట్టేది, దేవుని తల్లిని సగం ముఖంతో వదిలేసి గుడికి పోవాలి! ఆవిడ ఓపికగానే ఉండేది, నాకే ఉండేది కాదు. పాటలు వింటూ ఆలోచించేదాన్ని, సగం ముఖంతో కూర్చుని మిగతా సగం కోసం ఎదురుచూడడం అమ్మకే తప్పలేదు, నాకేమిటి? రోజూ అద్దంలో చూసి చూసి, నేను భయపడిన ఆ ఎడమ చెంప నాకు చుట్టమైపోయింది.

ముఖం పూర్తవుతున్న రోజుల్లోనే ఆ మధ్యాహ్నం వచ్చింది. భోజనశాలలో అందరం మౌనంగా తింటుంటాం, ఒక సిస్టరు నిలబడి పునీతుల చరిత్ర చదువుతుంది. ఎడారిలో ఒక మహానుభావుడు ఏళ్ల తరబడి ఉపవాసాలుండి, ఆకాశం వైపు చేతులెత్తి, "ప్రభూ, నీ చిత్తమేమిటి? నేనేం చేయవలెను?" అని బిగ్గరగా అడిగెను అని చదివి, ఆమె పేజీ తిప్పడానికి ఆగింది. ఆ ఆగిన క్షణంలోనే గోడ అవతల కోచింగ్ సెంటర్ మైకు ఖణేల్‌మంది: "రైట్ క్లిక్ చెయ్! చేసినవా? ఇగ డిలీట్ కొట్టు!"

ఆపుకోలేకపోయాను! ఎన్నాళ్లనుంచి లోపల మూసిపెట్టానో అదంతా ఒక్కసారి బయటికొచ్చింది, నోట్లో సాంబారుతో సహా. కొంగు లేదు, మాస్కు లేదు, ఎదురుగా మఠానికి అధిపతి అయిన మదర్‌గారు! అంతలో మదర్‌గారి భుజాలు ఊగడం మొదలైంది, చదివే సిస్టరు పుస్తకం వెనక దాక్కుంది, ఇక మఠం మొత్తం పగలబడి నవ్వింది. ఆ నవ్వులో స్కొలాస్తికమ్మ గారు బల్ల మీద కొట్టి, మౌనం సంగతి మర్చిపోయి అరిచింది:

"రోజమ్మా! నీ ఎడమ పెదవి కదిలింది!"

చెయ్యి పెట్టి చూసుకున్నాను. కదులుతోంది! చివర కొద్దిగా, నిద్రలో పిల్లాడి వేలు కదిలినట్టు. అక్కడికక్కడే రెండు పెదవులూ బలవంతంగా కలిపి, "ప్రభువా" అన్నాను. సరిగ్గా రాలేదు, కానీ వచ్చింది. దేవునికే మహిమ! డాక్టరుగారు చూసి నరం మేలుకుంటోందన్నారు, వ్యాయామం ఆపొద్దన్నారు. ఆపలేదు, మీలో ఎవరికైనా ఇలా అయితే ముందు ఆసుపత్రికి పరుగెత్తండి, పావురాల జోలికి పోకండి, డాక్టరు చేతినిచ్చింది కూడా దేవుడే.

పండుగనాడు ఆ పతాకాన్ని ఊరేగింపులో ముందు పట్టుకున్నారు. వనజగారు వచ్చి తల్లి ముఖం ముందు నిలబడిపోయింది. "ఏంటి రోజమ్మా, ఈవిడ ఏడుస్తోందా, నవ్వుతోందా?" అంది. "రెండూనమ్మా" అన్నాను. జోజి ఆ ముఖాన్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ దాన్ని చూశాడు, "గట్లనే ఉంది" అని మాత్రం అన్నాడు, అని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు నా మూతి ముప్పావు వంతు తిరిగొచ్చింది. మిగతా పావు ఆయన దగ్గరే ఉంది, ఇస్తాడో ఉంచుకుంటాడో ఆయన ఇష్టం, నేను తగాదా పెట్టుకోవడం లేదు. నా మొహం బాగుచేయమని అడిగాను, ఆయన ముందు నా భయాన్ని తీసేశాడు, అదే నా విడుదల.

ఈ పత్రికవాళ్లు సాక్ష్యంతోపాటు ఫోటో కావాలన్నారు. స్టూడియో అబ్బాయి నన్ను చూసి, "ఆంటీ, జర పక్కకు తిరుగుండ్రి, గా సైడు కనిపియ్యదు" అన్నాడు, మంచి మనసుతోనే. "ఏ, సీదాగ తియ్యి బిడ్డా, నవ్వుతున్నప్పుడు తియ్యి" అన్నాను. చూడండి, పక్కనే వేశారు, ఎడమ చివర కాస్త ఆగిపోయి ఉంటుంది, చూసి నవ్వుకోండి. మీలో ఎవరైనా ఏ కారణం చేతనో కొంగు కప్పుకుని ఇంట్లో కూర్చుని ఉంటే, అక్కా, తమ్ముడూ, దాన్ని ఒక్కసారి ఆయన ముందు తీసి చూడండి. ఆయన చూపు తిప్పుకోడు.