గోలీల కోసం బస్సెక్కిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు కూరగాయల అంగట్లో తెలిసింది. బెండకాయలు ఏరుకుంటుంటే, పాత క్వార్టర్లలో మా ఎదురు వరుసలో ఉండిన ఒకామె కనబడి, "మీ పక్క క్వార్టర్ ముసలామె పొద్దుగాల పోయిందట. గోదారి పక్కన వాళ్ల ఊళ్లెనే జేస్తరట" అంది, బెండకాయల ధర చెప్పినంత మామూలుగా. ఏరినవి అక్కడే వదిలేసి కొత్తగూడెం బస్టాండుకు వచ్చి భద్రాచలం బస్సెక్కాను. దారి పొడుగునా అడవి. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. పక్క సీట్లో ఆమె "ఎటు పోతున్నవమ్మా?" అని అడిగితే "మా పెద్దమ్మ పోయింది" అన్నాను. "సొంత పెద్దమ్మనా?" అంది. కిటికీ వైపు తిరిగాను.

సొంతం కాదు. కులం వేరు, ఊరు వేరు. ఆమె భర్తా నా భర్తా ఒకే బొగ్గు గనిలో దిగేవాళ్లు, మా రెండు క్వార్టర్లకూ నడుమ గోడ ఒకటే. నేను దుమ్ముగూడెం అవతలి పల్లె నుంచి కొత్త కోడలిగా వచ్చిన రోజునే "నన్ను పెద్దమ్మా అను. అమ్మగారూ అన్నవంటే పలుక" అని తేల్చేసింది. గొంతు పెద్దది. మాట్లాడాలనిపిస్తే గరిటెతో గోడ మీద కొట్టేది. "ఏం కూర పిల్లా?" అని అడిగి, నేను చెప్పేలోపే "ఉప్పెక్కువైంది, వాసనొస్తంది" అనేది. ఉప్పుకు వాసనెక్కడిది పెద్దమ్మా అంటే గోడ అవతల పకపకా నవ్వేది. చాయ్‌లో చక్కెర మాత్రం లెక్కా పత్రం లేకుండా పోసేది. అంత తీపి చాయ్ నేను ఇంకెక్కడా తాగలేదు, తాగలేను కూడా.

ఆ క్వార్టర్‌లో ఉండగానే నా మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. ఒళ్లు కోలుకుంది గానీ మనసు కోలుకోలేదు. పొద్దున లేవబుద్ధి అయ్యేది కాదు. లేస్తే తల దువ్వుకోబుద్ధి అయ్యేది కాదు. అన్నం నోట్లో పెట్టుకుంటే ఇసుక నమిలినట్టుండేది. ఆయన షిఫ్టుకు పోతే ఆ రెండు గదుల్లో నేనూ, పొగ పట్టిన కప్పూ. గాలి సోకిందని కొందరు, దిష్టి అని కొందరు అన్నారు. మా ఆయన మితభాషి. ఎవరితో వాదించకుండా నన్ను పెద్ద దవాఖానాకు తీసుకుపోయాడు. డాక్టరు ఓపికగా విని, ఇది మనసుకు వచ్చిన జబ్బు, మందుంది అన్నాడు. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుందని, ముందు నోరెండటం, కళ్లు తిరగడం ఉంటాయని, తనను అడగకుండా ఆపొద్దని, ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాడు. దవాఖానాలో గోలీలు కాగితం పొట్లం కట్టి ఇచ్చారు. తెచ్చి గోడ గూట్లో పెట్టాను.

ఇక్కడ మా వైపు అలవాటొకటి చెప్పాలి. గని దవాఖానా మందులంటే అడవి పల్లెల్లో మహా గురి. క్వార్టర్‌కు చుట్టం వచ్చి పోతుంటే, చీర పెట్టకపోయినా ఊరుకుంటారు గానీ నాలుగు గోలీలు కొంగున కట్టకపోతే అలుగుతారు. ఎర్రవి రక్తానికి, తెల్లవి నొప్పులకు, పసుపువి బలానికి. రంగే వాళ్లకు చదువు. ఎవరికోసం రాశారో, ఎందుకు రాశారో ఎవరికీ పట్టేది కాదు. గని మందు కదా, మంచిదే అయ్యుంటుంది!

నన్ను చూసుకోవడానికి వచ్చిన మా అమ్మ కూడా పోయే రోజున అదే పని చేసింది. పొట్లంలో సగం తన కొంగున కట్టుకుంది. మా మేనమామకు నిద్ర పట్టడం లేదట. నేను మంచం మీద నుంచి చూస్తూనే ఉన్నాను, వద్దనడానికి కూడా నాలో ఓపిక లేదు. అమ్మ అటు వెళ్లగానే పెద్దమ్మ చాయ్ పట్టుకొచ్చి, గూట్లో పొట్లం చూసి ఆగిపోయింది.

"గిన్నే ఉన్నయేంది పిల్లా? మింగినవా అన్నీ?" ఆ గొంతులో భయం నాకిప్పటికీ గుర్తుంది.

"లేదు పెద్దమ్మా. అమ్మ తీస్కపోయింది, మామకట."

"మీ మామ సారా తాగుతడా?"

"రోజూ తాగుతడు. ఇప్పసారా."

చాయ్ గ్లాసు నేల మీద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికింది. తర్వాత జరిగింది నాకు మా అమ్మ చెప్పింది. భద్రాచలం బస్సు కదలబోతుంటే అడ్డం నిలబడి ఎక్కిందట.

"చెల్లె, ఆ గోలీలిటియ్యి."

"మా అన్నకక్కా, నిద్రకు. గింతదానికి ఉరికొచ్చినవా?"

"సారా మీద గివి ఏస్కుంటే పాణం పోతది. ముసలోని గుండె ఆగిపోతది చెల్లె. ఇయ్యి."

మా అమ్మకు బస్సు నిండా జనం ముందు అవమానమైంది. "నీకెట్ల తెలుసు? నువ్వేమన్న డాక్టరమ్మవా?" అంది. జనం నవ్వారు. కండక్టరు దిగమ్మా దిగు అని గోల. ఆ బస్సులో, సాగనంపడానికి వచ్చి చుట్టూ నిలబడ్డవాళ్లలో సగం మంది మా క్వార్టర్ల వాళ్లే.

"నేను సుత మింగుతున్న గనక తెలుసు" అందట పెద్దమ్మ. "మనసు చెడితే డాక్టరు నాకు గివే రాసిండు. ఏండ్ల సంది మింగుతున్న. ఇగ ఇస్తవా?"

మా అమ్మ కొంగు ముడి విప్పి ఇచ్చేసింది.

అంతకాలం భర్తకు తప్ప ఎవరికీ తెలియనివ్వని మాట అది. ఆ రోజుల్లో ఆ మందులకు ఒకటే పేరు, పిచ్చి గోలీలు. ఆమె నడిచి ఇంటికి చేరేలోపు కబురు అన్ని వరుసలకూ చేరింది. మర్నాటి నుంచి పంపు దగ్గర ఆమె బిందె పక్కన ఎవరూ బిందె పెట్టలేదు. పసుపు కుంకుమకు పిలిచేవాళ్లు ఆమె గుమ్మం దాటేసి మా గుమ్మానికి వచ్చేవాళ్లు. నేను ఉడికిపోయి ఏదో అనబోతే, "పోనీ తియ్యి, పేరంటంల కూసుంటే నాకు మోకాళ్లు పట్టుకుంటయి" అనేది. నవ్వేది కూడా. కానీ ఆ తర్వాత గోడ మీద గరిటె చప్పుడు తగ్గింది. మధ్యాహ్నాలు ఆ ఇంట్లోంచి ఏ అలికిడీ వినబడేది కాదు. ఒక మనిషి కోసం, అదీ మొహం కూడా చూడని మా మామ కోసం, అంత పోగొట్టుకుంటారా ఎవరైనా! నాకు తలుచుకుంటే ఇప్పటికీ కోపమే వస్తుంది.

మా పొట్లం ఆ రోజు నుంచి తన ఇంట్లోనే పెట్టుకుంది. రోజుకెన్ని మింగాలో అన్నే తెచ్చి, నా ఎదుట కూర్చుని మింగించేది. నాకు రోషం వచ్చి, నేనేమైనా చిన్నపిల్లనా అన్నాను. "పొట్లం మొత్తం నీ చేతికియ్య. నువ్వు దాని దిక్కు చూసే చూపు నాకు తెల్వదా?" అంది. నిజమే, ఆ చూపు మంచిది కాదు. దాన్ని కనిపెట్టింది ఆమె ఒక్కతే. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు, బిడ్డ పోయాక మొదటిసారి. ఆపమనలేదు. పక్కన కూర్చుంది. మర్నాడు మా ఆయనతో మాట్లాడి, నన్ను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పోయి ఆ సంగతి కూడా నాతోనే చెప్పించింది.

మంచం మీంచి జల్దీ లేవకు, కళ్లు తిరుగుతయి అనేది. నోరెండితే గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగమనేది. ఒకపూట మరిచిపోతే రెండు కలిపి మింగబోయాను, చేతి మీద ఒక్కటేసింది. "ఇది తీర్థం కాదు పిల్లా, ఇంకింత ఇంకింత అని తీస్కుంటానికి." వారాలు గడిచాక ఒకనాడు పప్పులో ఉప్పు తక్కువైందని నాకే తెలిసింది. నాలిక మీద రుచి తిరిగి వచ్చింది! ఆ సంతోషంలో, ఇక బాగైంది కదా మానేస్తానన్నాను. "బాగ చేసిందాన్నే ఎల్లగొడ్తవా? తగ్గిచ్చుడు డాక్టరు పని, నీది గాదు" అంది. ఆయన చెప్పినట్టే, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ చాలా నెలలకు మానాను. ఆమెకు మాత్రం డాక్టరు ఆపొద్దన్నాడు. ఆమె ఆపలేదు.

ఇంకొకటి జరిగింది, అది వరుసల్లో ఎవరూ పైకి అనరు. పంపు దగ్గర ఆమెను తప్పించుకునే ఆడవాళ్లే, వాడలో అందరూ కునుకు తీసే వేళ ఆమె వెనక తలుపు తట్టేవాళ్లు. పక్కింటి గోడకు చెవులుంటాయి కదా, నాకు తెలిసేది. ఒకామెకు ఏడుపాగదు, ఒకామెకు నిద్ర లేదు, ఒకామెకు బతకబుద్ధి లేదు. గోలీ ఒక్కటియ్యి పెద్దమ్మా అని బతిమాలేవాళ్లు. ఒక్కటీ ఇవ్వలేదు. "నీ జబ్బేందో నాకేం తెలుసు? నడువు, డాక్టరుకు చెప్పు" అని దవాఖానాకు తోడు పోయేది. ఎవరి పేరూ ఇంకొకరి దగ్గర ఎత్తలేదు, నా దగ్గర కూడా. మళ్లీ పంపు దగ్గర వాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు. ఆమె తన బిందె తాను నింపుకుని వచ్చేసేది.

పెదనాన్న రిటైరై, ఆ తర్వాత పోయాక, గోదారి పక్కన కొడుకు దగ్గర ఉంది. గుండె జబ్బుతో, నిద్రలోనే పోయిందని కొడుకు చెప్పాడు.

నేను చేరేసరికి ఎత్తుతున్నారు. మా వైపు ఆడవాళ్లం ఊరి చివరి దాకా పోయి ఆగిపోతాం, అక్కడి నుంచి మగవాళ్లే. ఆగి చూస్తే, చుట్టూ పాత క్వార్టర్ల ఆడవాళ్లు. ఇల్లందు నుంచి ఒకామె, మణుగూరు నుంచి ఒకామె. పిలవకుండా, ఎవరికి వాళ్లు ఒంటరిగా బస్సెక్కి వచ్చారు. ఎందుకొచ్చావని ఎవరూ ఎవర్నీ అడగలేదు. అందరూ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పొద్దున బెండకాయల దగ్గర కబురు చెప్పినామె కూడా అక్కడే ఉంది, నా వెనక బస్సులో వచ్చి.

నాకు ఉండబట్టలేదు. "నేను ఆ గోలీలు మింగిన. పెద్దమ్మనే మింగిపిచ్చింది" అన్నాను, అందరికీ వినబడేట్టు.

పాడె గోదారి ఇసుకలోకి దిగిపోయింది. కాసేపటికి ఆ కబురు చెప్పినామె, మొహం గోదారి వైపే ఉంచి, చేయి మాత్రం ఇటు చాపి నా వేళ్లు పట్టుకుంది.