సీసాల మాస్టారి బిందెల మార్పిడి

పక్కింటి సీసాల మాస్టారు పరీక్ష చేయనిదే గుక్కెడు నీళ్ళు ముట్టరు. సైన్సు పాఠాలు మానేసి పదేళ్ళయినా, జేబుల్లో గాజు సీసాలు గలగలలాడకుండా వీధిలోకి రారు. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికొడుకు సంగతి అడగరు, ఆ ఇంటి బావి లోతు అడుగుతారు. ఒకసారి ఎండకు కళ్ళు తిరిగి పడిపోతే ఎవరో మొహాన నీళ్ళు చల్లారు. కళ్ళు విప్పుతూనే, "ఏ బావివి?" అన్నారు.

అలాంటి మనిషి తమ బావి నీళ్ళకు దాసోహమనడం ఇవతలింటి కోడలికి వింతగా ఉండేది. ఆ బావి మామగారు పోయే ముందు తవ్వించింది. దాన్ని పరీక్ష చేస్తానన్నవాళ్ళను అత్తగారు గడప తొక్కనివ్వరు. కోడలికి ఆరో నెల వచ్చిన వారంలోనే మాస్టారు బిందెతో అత్తగారి ముందు తయారయ్యారు.

"చెల్లెమ్మా, మీ నీళ్ళు అమృతం. రోజుకో బిందె ఇప్పించండి. బదులుగా మా బిందె తీసుకోండి."

"మీ నీళ్ళు చప్పన కదా అన్నయ్యగారూ."

"అందుకేగా మీవి అడుగుతున్నా. మావి పారబోశారో, నాకు చిన్నతనం. తాగాలి మరి."

అత్తగారు కరిగిపోయారు.

ఎనిమిదో నెలలో ఒక ఉదయం ఆయన మరిచిపోయిన బిందె మూత ఇవ్వడానికి కోడలు వెళ్ళింది. పెరట్లో మాస్టారు అమృతాన్ని బంతిమొక్కలకు పోస్తున్నారు. మొక్కలు ఆయన భుజం దాటాయి.

"ఇదేంటి మాస్టారూ?"

ఆయన దొరికిపోయిన దొంగలా ఒక సీసా తెచ్చి చూపించారు. చీటీ మీద రాసి ఉంది: "చెల్లెమ్మ బావి. నైట్రేటు, ఉండదగినదానికి రెట్టింపు."

"మొక్కలకు ఎరువమ్మా. పెద్దవాళ్ళు తట్టుకుంటారు. కడుపుతో ఉన్నవాళ్ళకు మంచిది కాదు. పసిబిడ్డ పాలల్లో కలిపితే ఒళ్ళు నీలం తిరుగుతుంది."

కోడలి చెయ్యి కడుపు మీదికి వెళ్ళింది. "కాచుకుంటే?"

"ఇంకా చిక్కబడుతుంది."

"ఫిల్టరు?"

"దానికి వేరే రకముంది. కానీ మామగారి బావికి వంకుందని మీ అత్తగారు ఒప్పుకోవాలిగా. ఈలోగా నీ బిడ్డకు పెళ్ళీడొస్తుంది. బిందె మోయడమే తేలిక."

డెబ్భై ఏళ్ళ నడుం. రెండు నెలలుగా, ఒక్కరోజు తప్పకుండా. కోడలు మూత ఆయన చేతిలో పెట్టింది.

పాప పుట్టింది, గులాబీ రంగులో. చూడటానికొచ్చిన మాస్టారికి అత్తగారు తన చేత్తో తోడి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చారు. కోడలు మాస్టారి వంక చూసింది. మాస్టారి చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళింది. సీసాలు గలగలమన్నాయి. చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. ఆయన గటగటా తాగేశారు.

"ఎలా ఉన్నాయి అన్నయ్యగారూ?"

"ఇంకో గ్లాసు పొయ్యండి."

అత్తగారు మురిసిపోయారు. "ఇంత ఇష్టం పెట్టుకుని మొహమాటమెందుకు? రేపట్నుంచి రెండు బిందెలు మార్చుకుందాం."

మాస్టారు నడుం పట్టుకుని నవ్వారు.