సాయన్న కత్తి మీద నా పేరు

ఒక మనిషి ఇరవై ఏడేళ్లు కంటికి రెప్పలా కాపాడుకున్న దాన్ని ఇరవై నిమిషాల్లో నాశనం చేసిన ఘనుణ్ణి నేను. దొంగిలించలేదు, విరగ్గొట్టలేదు, నూతిలో పడేయలేదు. శుభ్రం చేశాను, అంతే. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోండి. నేనూ నవ్వుతూనే మొదలుపెడతాను, ఎప్పుడూ మధ్యలోనే ఆగిపోతాను.

డెబ్భైల మొదట్లో కృష్ణా జిల్లా నుంచి ఒక ట్రంకుపెట్టెతో దిగి, శేరిలింగంపల్లి అవతల ఒక కార్ఖానాలో ఫిట్టరుగా చేరాను. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన వైపంతా అప్పుడు బండరాళ్లు, సీతాఫలం పొదలు. ఊళ్లో సాయన్న ఇంట్లో ఒక గది కిరాయికి దొరికింది. సాయన్న మాజీ హవల్దారు, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా దాకా వెళ్లొచ్చినవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయనకున్నదల్లా ఒక గేదె, ఒక జపాను కత్తి. గేదె దగ్గరికి నన్ను రానిచ్చేవాడు. కత్తిని మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు.

ఆ కత్తి కథ వారానికొకసారి చెప్పేవాడు. జపాను వాళ్లు లొంగిపోయిన రోజున వాళ్ల ఆఫీసర్లు వరసగా వచ్చి కత్తులు అప్పగించారట. ఒక ఆఫీసరు మాత్రం సాయన్న ఎదుట కూర్చుని, దాన్ని ఎలా చూసుకోవాలో సైగలతో నేర్పి మరీ ఇచ్చాడట. పిడికున్న వెదురు చీల తీసి, పిడి ఊడదీసి, లోపల దాగి ఉండే కత్తి మొదలు చూపించాడట. నల్లగా తుప్పు పట్టిన ఆ మొదలు మీద రెండు పక్కలా ఏవో అక్షరాలు. వాటి మీద వేలు పెట్టి, ఆ వేలే తన గుండెకు ఆనించుకుని, ఏడ్చాడట. తరవాత సాయన్న పై అధికారి ఆ కత్తిని ఆయన్నే ఉంచుకోమన్నాడు.

"ఈ పేరున్నోని ఇంటికి చేరుస్త అని మాటిచ్చిన బిడ్డా. నా మాట ఆయనకు తెల్వది. అయినా వంగి దండం పెట్టిండు" అనేవాడు సాయన్న.

నెలకొకసారి పొద్దున్నే అరుగు మీద గొంగడి పరిచి గోడ మీంచి కత్తి దించేవాడు. ఉమ్మి తుంపర పడితే ఉక్కు చెడుతుందని నోట్లో తువాలు కరుచుకునేవాడు. మెత్తటి పాత ధోతి గుడ్డతో పాత నూనె తుడిచి, వెలుగుకు పట్టి చూసి, పలచగా కొత్త నూనె రాసేవాడు. పిడి లోపలి మొదలును మాత్రం చూసి ఊరుకునేవాడు, గుడ్డ కూడా తగలనిచ్చేవాడు కాదు. ఒకసారి నేను, "బాబాయి గారూ, ఇంత చేసి ఆ తుప్పెందుకు వదిలేస్తారండి?" అని అడిగాను. నోట్లో తువాలుందిగా, తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపుడుకు అర్థం 'ముట్టకు' అని. నేను మాత్రం 'తెలియదు' అని అర్థం చేసుకున్నాను. ఇనుము సంగతి నాకన్నా ఎవరికి తెలుసు? నెల నెలా జీతం తీసుకునేదే తుప్పుతో యుద్ధం చేయడానికాయె.

ఆ ఏడు మా కార్ఖానాకు కొత్త యంత్రం బిగించడానికి ఒక జపాను ఇంజనీరు వచ్చాడు. నేను ధైర్యం చేసి నా ముక్కల ఇంగ్లీషులో కత్తి సంగతి చెప్పాను. ఆయన నాన్నగారికి పాత కత్తులంటే ప్రాణమట, చిన్నప్పుడు పక్కన కూర్చుని నేర్చుకున్నాడట. దసరా వెళ్లిన ఆదివారం వచ్చి అక్షరాలు చదువుతానన్నాడు. ఈ కబురు చెబితే సాయన్న లోపలికి వెళ్లి పాత పటాలం కోటు తీసి ఎండలో వేశాడు.

నేను అక్కడితో ఆగితే ఇవాళ మీకు చెప్పడానికేమీ ఉండేది కాదు.

మా కార్ఖానాలో ఆయుధపూజంటే మాటలు కాదు. స్పానరు దగ్గర్నుంచి క్రేను దాకా ప్రతిదీ తోమి, తళతళలాడించి, పసుపు కుంకాలు పెట్టాలి. కత్తిని కూడా పూజలో పెడతానండీ అంటే సాయన్న మురిసిపోయి, తన చేతులతో దుప్పటి చుట్టి సైకిలుకు కట్టాడు. గేటు దగ్గర వాచ్‌మాను అనుమానంగా చూసి, 'పెద్ద కత్తి ఒకటి, పూజ నిమిత్తం' అని పుస్తకంలో రాసుకుని వదిలాడు.

వర్క్‌షాపులో అందరూ తోముతున్నారు. నేను చీల తీశాను. పిడి ఊడింది. నల్లటి మొదలు బయటపడింది. అక్షరాలు తుప్పు కింద మసగ్గా ఉన్నాయి. పాపం ఆ ఇంజనీరు ఎలా చదువుతాడు, కాస్త తేటగా కనబడేలా చేద్దామనుకున్నాను. మంచి ఉద్దేశమే, గమనించండి. ముందు గ్రైండరు, తరవాత గరుకు ఎమరీ కాగితం, చివరికి మెరుగుపెట్టే బఫింగు చక్రం. ఇరవై నిమిషాల్లో మొహం చూసుకునేలా మెరిసింది. అక్షరాలు కనబడలేదు. కాంతికి కనబడటం లేదేమో, నీడలో చూస్తే కనబడతాయని సర్దిచెప్పుకున్నాను.

అంతటితో పోనిచ్చానా? మా వర్క్‌షాపులో పేరు, టోకెన్ నంబరు లేని సామాను సాయంత్రానికి స్టోరు పాలయ్యేది. ఇది పోతే సాయన్నకు మొహం చూపించగలనా అని ఇంగ్లీషు అక్షరాల పంచులు తీసి, సుత్తితో టకటకా కొట్టాను: కె. సూర్యం, 417. వరస కూడా చక్కగా కుదిరింది. పిడి తొడిగి, పసుపు పెట్టి, ఇంటికి తెచ్చి, ఆదివారం మెరుపు చూసి ఆశ్చర్యపోతారులే అని సాయన్నకు చెప్పలేదు.

ఆదివారం సాయన్న కోటు తొడుక్కుని, పతకాలు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఇంజనీరు వచ్చి ముందు కత్తికి వంగి నమస్కరించాడు. మెల్లగా ఒర లోంచి తీసి, అంచు వెంబడి పొగమంచులా పారే తెల్లటి గీతను వెలుగుకు పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. యుద్ధకాలంలో ఫ్యాక్టరీలో చేసింది కాదని, ఒక కుటుంబంలో తరాలుగా వచ్చిందని, నాలుగు వందల ఏళ్ల నాటిదై ఉంటుందని అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. సాయన్న కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు ఇంజనీరు చీల తీశాడు.

పిడి ఊడగానే ఆయన చేతులు ఆగిపోయాయి. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. జేబులోంచి భూతద్దం తీసి, ఉన్న అక్షరాలు చదివి, ఎంతో మర్యాదగా అడిగాడు: "సూర్యం ఎవరు?"

బళ్లో హాజరు పలికినట్టు చెయ్యెత్తాను.

ఆయన తిట్టలేదు. ఆ తుప్పు మురికి కాదన్నాడు. దాని రంగు చూసే కత్తి వయసు చెబుతారట. చేసినవాడి పేరు ఒక పక్క, దాచుకున్నవాడి పేరు ఒక పక్క ఉండేదేమోనన్నాడు. ఇక చెప్పడం ఎవరి తరమూ కాదట. ఇదంతా సాయన్నకు తెలుగులో చెప్పాల్సిన వాణ్ణి నేనే. ఒక్క ముక్క కూడా దాచకుండా చెప్పాను. అంత కష్టమైన పని నా జన్మలో చేయలేదు.

సాయన్న లేచి పొయ్యిలోంచి బొగ్గు ముక్క తెచ్చాడు. ఇరవై ఏడేళ్లు నెలనెలా చూసిన అక్షరాలు కదా. గచ్చు మీద మూడు నిలువు గీతలు గీసి కింద అడ్డంగా కలిపాడు. ఇంజనీరు మోకాళ్ల మీద కూర్చుని, అది 'కొండ' అన్నాడు. సాయన్న మొహం వెలిగింది. రెండోది మొదలుపెట్టాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు, చెరిపాడు. కోటు చేతులు నల్లబడ్డాయి. కొండతో మొదలయ్యే పేర్లు మా దేశంలో లెక్కలేనన్ని అని ఇంజనీరు నాతో నెమ్మదిగా అన్నాడు. ఆ మాట మాత్రం నేను తెలుగులో చెప్పలేదు. చెప్పకపోయినా సాయన్న బొగ్గు కింద పెట్టేశాడు.

ఇంజనీరు వెళ్లాక సాయన్న కాళ్ల మీద పడ్డాను. లేవనెత్తి కూర్చోబెట్టాడు.

"నన్నొక్క మాట అడగకపోతివి బిడ్డా" అన్నాడు. కత్తిని దుప్పట్లో చుట్టి నా ఒళ్లో పెట్టాడు. "పేరున్నోనికి చేరుస్త అని మాటిచ్చిన. ఇగ దాని మీద నీ పేరే ఉన్నది. తీస్కపో."

కోపంతో అన్నాడేమో, రెండు రోజులకు తిరిగి తీసుకుంటాడేమో అనుకున్నాను. తీసుకోలేదు. ఆ తరవాతి నెల అరుగు మీద గొంగడి పరిచి నూనె రాసింది నేను. ఆయన గేదె దగ్గర నిలబడి, ఇటు తిరగకుండా దాని వీపు నిమురుతూ ఉండిపోయాడు. బతికున్నన్నాళ్లూ నన్ను ఒక్క మాట అనలేదు, కత్తి కథ కూడా ఎవరికీ మళ్లీ చెప్పలేదు.

అందుచేత మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అడక్కుండా ఎవరి వస్తువూ శుభ్రం చేయను. మా ఆవిడ పెనం తోమమన్నా రెండుసార్లు రూఢి చేసుకుంటాను. ఇక దేనిమీదా నా పేరు వేసుకోను. మా గేటుకు పేరు పలక లేదు, పోస్టుమాను విసుక్కుంటాడు, విసుక్కోనీయండి. ఒక్కచోట ఉంది చాలు. నేను పోయాక కూడా అది ఇంకో నాలుగు వందల ఏళ్లు, ఇంకొకడి పేరు ఉండాల్సిన చోట, చక్కటి వరసలో ఉంటుంది.